తెగిన తీగకు చెప్పిన అర్థం

హైదరాబాదులోని ఒక చిత్రశాలలో విరూపాక్ష అనే గైడు ఉండేవాడు. ఎవరేమడిగినా 'తెలియదు' అనడం అతనికి మహా నామోషీ.

ఒకసారి అక్కడ ఇటలీ పాత చిత్రాల ప్రతులు ప్రదర్శనకు పెట్టారు. అందులో ఒకటి గ్రీకు పురాణ గాథ. పాము కరిచి చనిపోయిన భార్యను వెనక్కి తెచ్చుకోవడానికి ఓర్ఫియస్ అనే గాయకుడు తన తీగవాద్యంతో పాతాళానికి దిగుతున్నాడు. విరూపాక్ష కథంతా చక్కగా చెప్పి, "ఈ పాము మృత్యువుకు గుర్తు. పొగలు కక్కే ఆ దివిటీ కలిసిరాని పెళ్లికి గుర్తు" అని వివరించాడు.

గుంపులోంచి సువర్చల అనే ఆవిడ ముందుకొచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"వాద్యానికి ఒక తీగ తెగి ఉందేమిటండీ? దానికేమర్థం?"

ఆ తీగను విరూపాక్ష అంతవరకూ గమనించనే లేదు. అయినా తడుముకోకుండా, "పోయే ప్రాణాన్ని ఎవరూ ఆపలేరని అర్థమమ్మా. ఎంత పాకులాడినా వృథాయేనని చిత్రకారుడు హెచ్చరిస్తున్నాడు" అన్నాడు.

ఆవిడ మరోసారి ఆ తీగవైపు చూసింది.

"ఎదురుగా ఆసుపత్రిలో మావారికి గుండె ఆపరేషన్. సంతకం పెట్టే ధైర్యం లేక ఇలా వచ్చాను. దేవుడే మీ నోట పలికించాడు. ఆయన్ను ఇంటికి తీసుకుపోతాను" అంటూ గబగబా వెళ్లిపోయింది.

విరూపాక్ష వెంటనే చిత్రశాల అధికారి మెహరున్నీసా గారి గదికి పరుగెత్తాడు.

"మేడమ్, ఆ తెగిన తీగకు అర్థమేమిటి?"

"మూలచిత్రంలో తీగలన్నీ ఉన్నాయే!" అంటూ ఆమె వచ్చి చూసింది. "తెచ్చిన పెట్టెలో ఒరుసుకుని రంగు రాలిందయ్యా. అంతే."

అతను రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తాడు. ఆసుపత్రి వరండాలో సువర్చల భర్తను చక్రాల కుర్చీలో బయటికి తోసుకొస్తోంది. ఆయన ఎగశ్వాసతో ఉన్నాడు. డాక్టరు వద్దని బతిమాలుతున్నాడు.

"ఆగండమ్మా! నాకేమీ తెలియదు. కల్పించి చెప్పాను. అక్కడ రంగు రాలిందంతే!" అని అందరి ముందూ చేతులు జోడించాడు.

"ఆ ముక్క అప్పుడే చెబితే మీ సొమ్మేం పోయేది?" అని సువర్చల కళ్లెర్రజేసింది. వెనక్కి తిరిగి సంతకం పెట్టింది.

విరూపాక్ష అక్కడే కూలబడ్డాడు. ఆపరేషన్ గది తలుపు కదిలినప్పుడల్లా అతను తలెత్తి చూసేవాడు. సువర్చల అతనివైపు చూడనే లేదు. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, "గండం గడిచింది. ఇంటికి తీసుకెళ్లి ఉంటే దారిలోనే పోయేవారు" అన్నాడు.

సువర్చల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే తగ్గేది కాస్త పరువే. తెలిసినట్టు చెబితే నమ్మినవారి ప్రాణాల మీదికి రావచ్చు.