నూకాలు కూర్చునే రాయి

కొండకి పడమటి పక్కన ఒక వాగు ఉంది. వానాకాలంలోనే అది వాగు, మిగతా రోజుల్లో ఉత్త ఇసుక. ఆ ఇసుకలో నెలకోసారి, పున్నమి వెళ్లిన మర్నాడు పొద్దు వాలే వేళకి, గులకరాళ్ల కూటం జరిగేది.

కూటం అంటే రాళ్లు రువ్వుకోవడం అనుకునేరు. ఆ కొండమీది చీమలకి ఒక భాష ఉంది. తెల్లరాయి పెడితే నడుస్తాయి. నల్లరాయి పెడితే ఎదురుగా ఉన్నది ఎత్తుకుంటాయి. ఎర్రరాయి పెడితే ఆగుతాయి. తెల్లరాయి పక్కన చింతగింజ పెడితే చింతచెట్టు దాకా, ఈక పెడితే ఆ ఈక వాసన వచ్చే గూటి దాకా వెళ్తాయి. వరస మొదట్లో పుల్ల పెడితే, ఆ పుల్ల చూపించే ఇంకో వరసలోకి మళ్లుతాయి. ఇంతే భాష. ఇవి తెలిస్తే నువ్వు కాలు కదపకుండా గింజలు మోయించుకోవచ్చు, పుట్ట కట్టించుకోవచ్చు. ఒక్క రాయి తప్పు పెట్టావా, ఆ తప్పుని కూడా చీమలు అంతే భక్తిగా చేసి పెడతాయి.

ఎర్రరాయి పెట్టడం మర్చిపోయి, వరస చివర తిరిగి మొదటికి కలిపేశావనుకో, చీమలు అదే దారిన తిరుగుతూనే ఉంటాయి. దాన్ని కూటంలో 'గానుగ' అనేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు గానుగ వేసి నవ్వులపాలైనవాళ్లే.

ఈ కూటం పెట్టింది ముళ్లపంది గవరయ్య. ప్రతి కూటంలోనూ ముందుగా ఒకే మాట చెప్పేవాడు: "మీ మనసులో ఏటుందో చీమకి తెలీదు. రాయి పెడితేనే తెలుస్తాది." కట్టుబాట్లు కూడా ఆయన పెట్టినవే. కూటం ఇసుకలో కాలు పెట్టినవాళ్లు ఒకరిమీద ఒకరు పన్ను ఆనించకూడదు. ఎవరు పేర్చిన వరసైనా తీసెయ్యకూడదు, నలుగురూ చూసి నేర్చుకోవాలి. కావలిస్తే దానికి ఇంకోటి కలపొచ్చు.

ఒకప్పుడు ఇసుక కనపడనంత మంది వచ్చేవాళ్లు. అందరికంటే ముందు వచ్చేది ఉడుత నూకాలు. గవరయ్యకి ఎదురుగా ఒక బల్లపరుపు రాయి ఉంది, దాని మీద తోక పైకెత్తుకుని కూర్చునేది. ఆయన నోరు తెరిచేలోపే "అలా ఎందుకు గవరన్నా? ఇలా పెడితే ఏటవుద్ది?" అని మొదలెట్టేది. సాయంత్రం వేళ పెట్టింది కూడా ఆ ఇద్దరి కోసమే. నూకాలు పగటి జీవి, గవరయ్య రాత్రి జీవి. ఇద్దరూ మెలకువగా ఉండి మాట్లాడుకోగలిగేది ఆ కాస్త మసక వెలుగులోనే.

తర్వాత వాగు అవతలి ఒడ్డున ఆకుమడతల భాష వచ్చింది. ఆకు ఇలా మడిస్తే చాలు, చెదలు చకచకా పని చేసేస్తాయి. రాళ్లు మొయ్యక్కర్లేదు, వేళ్లు నొప్పి పుట్టవు. ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. అందరికంటే ఆఖర్న నూకాలు వెళ్లింది. అవతల మంచి పని దొరికిందని చెప్పి, "వస్తూనే ఉంటాలే గవరన్నా" అంది. గవరయ్య "ఊఁ" అన్నాడు. ఇంకేదో అందామనుకున్నాడు గానీ, ఆయన నోటికి ఆ అలవాటు లేదు.

ఇప్పుడు కూటం అంటే గవరయ్యా, తాబేలు అచ్చయ్యా. అచ్చయ్య వస్తాడు, డొప్పలోకి తల లాక్కుంటాడు, నిద్రపోతాడు. గవరయ్య మాత్రం ఇసుక చదును చేసి, రాళ్లు రంగులవారీగా కుప్పలు పోసి, ఆ బల్లపరుపు రాయి మీది దుమ్ము తుడిచి, చెప్పాల్సింది మొదటినుంచి చివరిదాకా ఆ ఖాళీ రాయికే చెప్పేవాడు. మధ్యమధ్యలో ఆగేవాడు. ఎవరూ ఏమీ అడగరని తెలుసు, అయినా ఆగేవాడు.

అలాంటి ఒక సాయంత్రం నక్క పైడిరాజు దిగబడ్డాడు.

"ఏటి బావూ, ఇంత విద్య పెట్టుకుని తాబేలుకి జోలపాడుతున్నావా?" అన్నాడు.

"వచ్చేవాళ్లు వస్తారు" అన్నాడు గవరయ్య ముళ్లు సర్దుకుంటూ.

"రారు. తిండి పెట్టకుండా ఈ రోజుల్లో ఎవడొస్తాడు? నేను పెడతాను. జీడిమామిడి పళ్లు, ఈతపళ్లు, కుప్పలకి కుప్పలు. నువ్వు నీ పాఠం చెప్పుకో."

"నీకేటి లాభం?"

"నాకా? చదువంటే నాకు గౌరవం, బావూ. అందరూ తింటున్నప్పుడు నన్ను రెండు ముక్కలు మాట్లాడనీ, అంతే. ఆలోచించుకో. ఈ ఇసుక నిండితే ఆ సందడి వాగు అవతలకి వినపడదా?"

గవరయ్యకి మిగతా మాటలు చెవిన పడలేదు. వాగు అవతలకి వినపడుతుంది అన్న ఒక్క మాట పట్టుకుని సరే అనేశాడు.

మరుసటి కూటానికి కొండ కొండంతా వచ్చింది. కుందేళ్లు పిల్లాజెల్లాతో వచ్చాయి, అడవికోళ్లు వచ్చాయి, పందికొక్కులు పిలవకుండానే వచ్చాయి. గవరయ్య సంతోషంతో ముళ్లన్నీ నిక్కబొడుచుకునేసరికి అచ్చయ్య నిద్ర లేచి రెండడుగులు దూరం జరిగాడు. గవరయ్య పాఠం మొదలెట్టాడు. జనం మూతులు పళ్లలో పెట్టారు. "తెల్లరాయి అంటే..." అని ఆయనంటే, "ఆ ఈతపండు ఇటు తొయ్యి" అని అవతలివాడు. బల్లపరుపు రాయి మీద కూర్చోబోయిన కుందేలుని మాత్రం గవరయ్య గద్దించాడు.

"అక్కడ వద్దు."

"ఎవరిదేటి?" అన్నాడు పైడిరాజు వంకర నవ్వుతో.

"ఉన్నారులే. వస్తారు."

అప్పుడు పైడిరాజు లేచి తన రెండు ముక్కలు మాట్లాడాడు.

"అన్నలారా, అక్కలారా! ఎంత తిన్నా బోలెడు మిగిలిపోయాయి. మోసుకెళ్లడం మీకు కష్టం. ఇంత గొప్ప గురువు ఉన్నాడు కదా, ఎవరి వరస వాళ్లు పేర్చుకోండి. ఇక్కడినుంచి మీ ఇంటి గుమ్మం దాకా. రాత్రికి చీమలు పళ్లు మోసుకొచ్చి మీ గుమ్మంలో పెడతాయి. తెల్లారి లేచేసరికి ఇంట్లో పండగ!"

ఇంక చూడాలి ఆ సందడి. ఇందాకటిదాకా తల తిప్పనివాళ్లందరూ గవరయ్య చుట్టూ మూగారు. "మా ఇల్లు పొద వెనకాల, ఎలా పెట్టాలి?" "మా కన్నానికి రెండు దారులు, ఏ దారి పెట్టను?" అడవికోడి తన ఈక పీకి పెట్టింది. కుందేలు కాస్త బొచ్చు పెట్టింది. గవరయ్య ఒక్కొక్కరి దగ్గరా వంగి, ఇక్కడ నల్లరాయి పెట్టమ్మా, చివర ఎర్రరాయి మర్చిపోకు బావూ అంటూ, ఆయాసపడుతూ, నవ్వుతూ తిరిగాడు. ఎన్నాళ్లకి తనని ఎవరైనా ఏదైనా అడిగారు! కళ్లలో నీళ్లు తిరిగాయి.

అందరూ వెళ్లాక పైడిరాజు ఒళ్లు విరుచుకున్నాడు.

"వరసలు అలాగే ఉంచు బావూ. కట్టుబాటు కట్టుబాటే కదా, తీసెయ్యకూడదు. చీకటి పడ్డాక చీమలు బయల్దేరతాయి కదూ?"

"బయల్దేరతాయి. నువ్వు కూడా నేర్చుకోవాల్సింది."

"నాకెందుకు ఈ రాళ్లు చదవడం? చీమల వెనకాల నడిస్తే చాలదా" అని నవ్వుతూ, అలా తిరిగొస్తానంటూ పొదల్లోకి వెళ్లాడు.

గవరయ్య ఆ వరసల మధ్య ఒంటరిగా నిలబడి మురిపెంగా చదువుకోసాగాడు. ఇది అడవికోడి గూటికి. ఇది కుందేలు పిల్లలుండే బొరియకి. ఇది... సగంలో ఆగిపోయాడు. చీమల వెనకాల నడిస్తే చాలదా, అన్నాడు కదూ వాడు? కూటం ఇసుకలో పన్ను ఆనించకూడదు. గుమ్మం దగ్గర అలాంటి కట్టుబాటేమీ లేదు. కొండమీద ఉన్న ప్రతి గూడూ, ప్రతి బొరియా, దగ్గరుండి తానే నక్కకి దారి పేర్చి ఇచ్చాడు.

"అచ్చయ్యా! లెగు! వాళ్లకి చెప్పాలి!"

అచ్చయ్య తల బయటపెట్టాడు. "నేను చెప్పి వచ్చేసరికి వచ్చే పున్నమి అవుద్ది బావూ. రాళ్లు లాగెయ్."

"తీసెయ్యకూడదు. నేను పెట్టిన కట్టుబాటే."

"తీసెయ్యడం ఎందుకు? కలుపు" అంది పైనుంచి ఒక గొంతు.

గవరయ్య తలెత్తలేదు. ఎత్తితే ఎవరూ ఉండరేమోనని భయం. ఆ గొంతు చెట్టు దిగి వచ్చి, బల్లపరుపు రాయి మీద తోక పైకెత్తుకుని కూర్చుంది.

"గానుగ వెయ్యి గవరన్నా" అంది నూకాలు. "నువ్వొక్క వరస పెట్టు, మొదలూ చివరా కలిపెయ్. ప్రతి వరస మొదట్లోనూ దాని వైపు చూసేలా నేను పుల్ల పెట్టుకుంటూ వస్తాను. చీమలన్నీ గానుగలోనే పడతాయి. వాటి వెనకాల ఆ దొరగారూ."

"గానుగ ఎటు తిప్పను?"

"కొండ వెనక దూలగొండి పొద ఉంది కదా. చీమకి దురద లేదు."

గవరయ్యకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎండిన దూలగొండి కాయ ఒకటి కర్రతో జాగ్రత్తగా నెట్టుకొచ్చి తెల్లరాయి పక్కన పెట్టాడు. ఆయన ఒక్క రాయి పెట్టేలోపు నూకాలు పుల్లల మీద పుల్లలు నోట కరుచుకుని ఇసుకంతా ఒకటే పరుగు. వెలుగు తగ్గిపోతోంది. కాసేపటికి గవరయ్య మెల్లిగా అడిగాడు.

"ఇవాళ జనం సందడి విని వచ్చావా?"

"సందడి విని కాదు. ఇంతకుముందు కూడా వచ్చాను. ఆ కొమ్మ మీద కూర్చుని, నువ్వు చెప్పేది విని వెళ్లిపోయేదాన్ని."

గవరయ్య రాయి పక్కన పెట్టి తలెత్తాడు. "దిగి రాలేదేటి?"

"ఆకులు మడుచుకునేదాన్ని, ఇక్కడ నాకేటి పని అనుకున్నాను. నువ్వు రమ్మన్నావా?"

"నీ రాయి ఖాళీగా ఉంచాను కదా నూకాలూ! ఒక్కరిని కూర్చోనివ్వలేదు. ప్రతిసారీ తుడిచి పెట్టాను."

నూకాలు పుల్ల కింద పెట్టింది.

"ఖాళీ రాయి చూసి నాకేటి తెలుస్తాది గవరన్నా? మీ మనసులో ఏటుందో చీమకి తెలీదు అని మా అందరికీ నేర్పింది ఎవరు?"

ఇన్నేళ్లు అందరికీ చెప్పిన పాఠం ఆయనకి అప్పుడు అర్థమైంది. వరసలు పేర్చడం అయిపోయింది. మసక వెలుగు ఇంకాస్తే మిగిలింది. ఆమెకి నిద్రవేళ. అవతలి ఒడ్డుకి వెళ్లిపోవాలి. నూకాలు చెట్టు మొదలు దాకా వెళ్లింది.

"నూకాలూ" అన్నాడు గవరయ్య. "నువ్వు లేకపోతే నాకు బాగాలేదు. వచ్చే కూటానికి రా."

నూకాలు వెనక్కి తిరిగింది. "పని ఎక్కువ గవరన్నా. ప్రతి నెలా కుదరదేమో" అంది. "కుదిరినప్పుడు దిగి వస్తాను. కొమ్మ మీద కూర్చోను" అంది.

తెల్లారి గుమ్మంలో పళ్లు లేవేమని తగువుకి వచ్చిన కొండజనానికి వాగు ఒడ్డున కనపడిన దృశ్యం ఇది. చీమలు పళ్లు మోసుకుంటూ కొండ చుట్టూ తిరిగి మళ్లీ ఇసుకలోకే వస్తున్నాయి. వాటి వెనకాల పైడిరాజు, కాళ్లీడ్చుకుంటూ, ఒళ్లంతా రక్కుకుంటూ, ఒక చోట ఆగి చెట్టుకి వీపు రుద్దుకుని మళ్లీ నడుస్తూ. ఈసారి తప్పకుండా కోడి గూడు వస్తుంది అన్న ఆశ ఇంకా మొహంలో ఉంది.

"ఏటి పైడిరాజన్నా, చదువంటే గౌరవమని ప్రదక్షిణాలా?" అన్నాడు అచ్చయ్య. జీవితంలో మెలకువగా ఉండి ఆయన అన్న గొప్ప మాట అదే.

జరిగింది గవరయ్య చెప్పాడు. దారులు పేర్పించింది తానేనని కూడా చెప్పాడు. అడవికోడి తన ఈక తాను ఏరుకుంది. పైడిరాజు పళ్లన్నీ అతని కళ్లముందే అందరూ కూర్చుని తినేశారు. అతను ఆ దురదతో నీళ్ల మడుగు వెతుక్కుంటూ పోయి, మళ్లీ ఆ ఛాయలకి రాలేదు.

పళ్లు లేని కూటానికి మళ్లీ అంతమంది రాలేదనుకోండి. ఒక కుందేలూ, అడవికోడీ వచ్చాయి. గవరయ్య కూటానికి ముందు ఇంటింటికీ తానే వెళ్లి, గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడు. ఆఖర్న వాగు దాటి, ముళ్లకి ఆకులు గుచ్చుకుంటున్నా నడిచి, నూకాలు చెట్టు కింద నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. కొన్ని నెలలు వస్తుంది, కొన్ని నెలలు రాదు. రాని నెల పాఠం మధ్యలో ఆయన ఇప్పటికీ ఆగుతాడు, ఖాళీ రాయి వైపు చూస్తాడు, మనసు పీకుతుంది. కానీ తాను ఎదురుచూస్తున్నట్టు అవతలి ఒడ్డున ఆమెకి తెలుసు. ఆ సంగతి గుర్తొచ్చాక పాఠం మళ్లీ మొదలెడతాడు.

అందుకని, ఎవరు రావాలని ఉందో వాళ్లని నోరారా పిలవండి. చోటు ఖాళీగా ఉంచి ఎంతకాలం ఎదురుచూసినా అది వాళ్లకి వినపడదు.