గజ్జెల టోపీ లిసెట్

అనగనగా ఏడు సముద్రాల అవతల, ఎప్పుడూ మంచు కురిసే ఒక ఊళ్ళో, రాతికోటలో ఇసల్దా అని ఒక రాణి ఉండేది తల్లీ. ఆవిడ సింహాసనం పక్కనే నేలమీద, గుండు మీద గజ్జెల టోపీ పెట్టుకుని ఇంకో ఆవిడ కూర్చునేది. ఆవిడే లిసెట్. రాణిని నవ్వించడమే ఆవిడ కొలువు. మన రాజుల దగ్గర విదూషకుడు ఉండేవాడు చూడు, అలాగన్నమాట. కాకపోతే ఈవిడ ఆడమనిషి.

ఆ కోటలో ఒక కట్టుబాటు ఉండేది. లిసెట్ ఎవరినైనా ఏమైనా అనొచ్చు. రాణి నవ్విందా, అన్న మాట చెల్లుతుంది, రాణి కూడా అలాగే చెయ్యాలి. నవ్వలేదా, శిక్ష తప్పదు. సేనాపతులే నోరెత్తని చోట, ఆ మనిషి ఒక్క నవ్వుని నమ్ముకుని బతికేది. ఎంత గుండె ఉండాలో చూడు.

రాణికి ఆరేళ్ళ కూతురు, ఎమెలీన్. ఒకరోజు పొరుగు దేశపు రాయబారి మీసం మెలేసుకుంటూ వచ్చాడు. పిల్లని మా యువరాజుకిచ్చి ఇప్పుడే పంపండి, మా కోటలోనే పెరుగుతుంది అన్నాడు. రాజుల ఇళ్ళలో అప్పుడంతేట. రాణి సరేనంది.

అప్పుడు ఎమెలీన్ లిసెట్ ఒళ్ళో దూరి, "అక్కడ నన్నెవరు పడుకోబెడతారు లిసీ?" అంది.

లిసెట్ పిల్లని దగ్గరికి పొదువుకుంది. ఇసల్దా రాణీ ఆ వయసులోనే బండెక్కి ఈ కోటకొచ్చింది. తోడొచ్చింది లిసెట్టే. దారంతా చిన్న ఇసల్దా ఏడ్చిన ఏడుపు ఇంకా లిసెట్ చెవుల్లోనే ఉంది.

మర్నాడు విందులో లిసెట్ ఒక బాతుపిల్లకి పెళ్ళికూతురి ముసుగేసి, మీ కోడలికి మాటలింకా రాలేదు, నేర్పుకోండి బాబూ అని రాయబారి ఒళ్ళో పెట్టింది. సభంతా నవ్వింది. రాణి నవ్వలేదు. లిసెట్‌కి ఆ పూట రొట్టె లేదు.

ఆ తర్వాత రోజు గడ్డితో మీసాలు చేసి అతికించుకుని, ఉయ్యాల ఊపుతూ పెళ్ళికొడుక్కి జోల పాడింది. సభ పగలబడి నవ్వింది. రాణి పెదవుల మీదికి నవ్వు రాలేదు. గుర్రాలశాలలో పడుకో, రేపూ ఇలాగే అయితే మంచులోకి పో అంది.

మూడోరోజు వాకిట్లో బండి కట్టేశారు. అప్పుడు లిసెట్ గెంతలేదు, పాడలేదు. తిన్నగా మెట్లెక్కి రాణి తలమీది కిరీటం తీసింది. అది ముట్టుకుంటే తల తెగుతుంది తల్లీ. దాన్ని ఎమెలీన్ తలమీద పెట్టి, "ఇది సరిపోయిన రోజున పంపుదాం, రాణీ" అంది.

కిరీటం సర్రున జారి ముక్కు మీద ఆగింది. పిల్లకి ఏమీ కనబడక, అమ్మా అమ్మా అని తడుముకుంటూ వెళ్ళి రాయబారి మీసం పట్టుకుంది.

"నువ్వు అమ్మవి కావు" అంది.

రాణి ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపలేకపోయింది. నవ్విందంటే మాట చెల్లినట్టే కదా.

ఆ తర్వాత ఎవరూ ఎన్నడూ చూడనిది జరిగింది. రాణి సింహాసనం దిగి, పిల్లని ఒళ్ళోకి తీసుకుని, లిసెట్ పక్కన నేలమీద కూర్చుంది. రాణి కంటే ఎత్తున ఎవరుంటారు? మంత్రి కూర్చున్నాడు. సేనాపతి కూర్చున్నాడు. మీసం సర్దుకుంటూ రాయబారీ చతికిలబడ్డాడు.

వచ్చిన బండి ఖాళీ,
రాణి నోట జోలాలి,
కథ కంచి చేరాలి,
మనం దుప్పట్లో దూరాలి.