కుందేలు అడుగు పడని గట్టు

కొండ కింద ఒక గుండం ఉంది. చుట్టుపక్కల వాగులన్నీ ఎండి రాళ్ళు తేలినా అందులో నీళ్ళుంటాయి. వేసవిలో అడవికంతటికీ అదే దిక్కు. ఆ నీళ్ళ దగ్గర ఎవరూ ఎవర్నీ వేటాడకూడదని కట్టుబాటు. గట్టు దాటాక మాత్రం ఎవరి కాళ్ళే వాళ్ళకి రక్ష.

వేట లేదు సరే, న్యాయం ఉందా అంటే అదీ లేదు. తెల్లవారుజామున చల్లటి తేటనీళ్ళు అడవిదున్నలవి. సాయంత్రం నీళ్ళు తోడేళ్ళవి. మిట్టమధ్యాహ్నం, రాయి మీద కాలు పెడితే బొబ్బ లేచే వేళ, చిన్నప్రాణుల వంతు. అప్పటికి దున్నలు దిగి, పొర్లి, గుండమంతా కలిపి కంపు చేసి పోయేవి. ఆ బురద కోసం కుందేళ్ళూ అడవికోళ్ళూ ఎండలో కొండ మలుపులు దాటి రావాలి.

పోయిన వేసవిలో కుందేలు గరికమ్మ నాలుగు పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. గుండం చేరేసరికి దాని వెనక ఒక్క పిల్లే ఉంది.

గరికమ్మ నోట్లో నాలుక లేనట్టుండేది. నలుగురిలో నిలబడితే చెవులు వాలిపోయేవి. కానీ ఆ రోజు నుంచి దాని కడుపులో కుంపటి రగులుతూనే ఉంది.

ముసలి పులి చచ్చిపోయాక జంతువులన్నీ కూడి, ఇక రాజు వద్దు, ఎన్నిక పెట్టుకుందాం అనుకున్నాయి. గట్టు మీద ఇరవై రాళ్ళు వేశాయి. పక్షానికో చెట్టుతొర్ర. ప్రతి ప్రాణీ తనకి నచ్చిన తొర్రలో ఒక చింతగింజ వేయాలి. మొత్తం గింజల్లో ఎవరికి ఎంత పాలు పడితే, రాళ్ళలోనూ వాళ్ళకి అంత పాలు. పదకొండు రాళ్ళు ఎవరి వైపు ఉంటే నీళ్ళ వంతులు వేసే అధికారం వాళ్ళది.

లెక్క ఉడతలకి అప్పజెప్పారు. లెక్కపెడుతూ నాలుగు గింజలు కొరికి తినేశాయని రెండు రోజులు గొడవ నడిచింది. చివరికి తేలిందేమిటంటే, దున్నలూ దుప్పులూ ఉన్న కొమ్ముల పక్షానికి తొమ్మిది రాళ్ళు. తోడేళ్ళూ అడవిపందులూ ఉన్న కోరల పక్షానికి తొమ్మిది. చిన్నప్రాణుల పక్షానికి రెండు. ఆ రెండింటి మీద కుందేలు గరికమ్మ, అడవికోడిపుంజు రంగయ్య. గుప్పెడు గింజలు ఎక్కువ పడ్డాయి కాబట్టి ముందు అవకాశం కొమ్ములకి. పున్నమి లోపల పదకొండు కూడకపోతే అవకాశం కోరలకి పోతుంది.

నక్క కూడా పోటీ చేసింది. దాని తొర్రలో పడ్డవి మూడే గింజలు. ఒకటి దానిది, ఒకటి దాని పెళ్ళానిది, మూడోది చూపు ఆనని పందికొక్కుది. అయినా ఫలితం తేలిన పొద్దున్నే గరికమ్మ బొరియ ముందు తోక సర్దుకుని కూచుంది.

"గరికమ్మ చెల్లాయ్! దున్నలకి రెండు రాళ్ళు తక్కువ, తోడేళ్ళకీ రెండే తక్కువ. అడవంతా ఇవాళ నీ గుమ్మం వైపే చూస్తోంది."

"పోయినేడు నా పిల్లలు పోయినప్పుడు ఒక్కరూ చూడలేదే అన్నయ్యా?"

"అప్పుడు నీకు రాళ్ళు లేవు కదమ్మా," అంది నక్క, ఏమాత్రం సిగ్గు పడకుండా.

గరికమ్మకి ఒళ్ళు మండింది. అయినా పళ్ళు బిగబట్టి, "మాకు కావలసింది ఒక్కటే. దున్నలు దిగకముందు, తెల్లవారుజామున మా వంతు. ఎవరిస్తే వాళ్ళకి మా రాళ్ళు," అంది.

"అంతేనా! నేను మాట్లాడి పెడతాగా. మధ్యవర్తికి ఏదో ఒక పని ఇవ్వరా ఏమిటి వాళ్ళు?" అని నక్క ముందు నడిచింది.

మొదట దున్నల పెద్ద బండయ్య దగ్గరికి పోయారు. దున్న నెమరు వేస్తూ వింది.

"తెల్లవారు నీళ్ళా? అది మా తాతల నాటి వంతు. అలా ఎలా కుదురుతుందమ్మా?"

"మా నోళ్ళకి ఎన్ని నీళ్ళు పడతాయయ్యా? మీరు పైకొచ్చి తోక విదిలిస్తే రాలేటన్ని," అంది గరికమ్మ.

"చూద్దాం, చూద్దాం. ఒక సంఘం వేసి ఆలోచిద్దాం."

"సంఘం ఆలోచించేసరికి వానలొస్తాయి. మా వాళ్ళు అప్పటిదాకా ఉండొద్దా?"

దున్న నెమరు ఆపలేదు. అక్కణ్ణుంచి తోడేళ్ళ పెద్ద దగ్గరికి పోయారు. ముసలి తోడేలు నవ్వుతూ ఎదురొచ్చింది.

"తెల్లవారు నీళ్ళేగా, తీసుకో తల్లీ! పోయేది దున్నలది, మాదేం పోయింది? కాకపోతే మీరు తాగి ఇంటికి పోయేటప్పుడు గట్టు బయట కాపలా మాదే," అంటూ గరికమ్మ తొడ వంక చూసి పెదవి నాక్కుంది.

గరికమ్మ వెనకడుగు వేసింది. ఒకడు నీళ్ళివ్వడు, ఇంకొకడు నీళ్ళు తాగిన ఒంటిని ఉంచడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే కాబోలు అనుకుంది.

నక్క మళ్ళీ దున్నల దగ్గరికి ఒంటరిగా పోయింది. చాలాసేపు గుసగుసలాడింది. పరిగెత్తుకుంటూ తిరిగొచ్చి, "ఒప్పుకున్నాడు చెల్లాయ్! ఎంత తంటాలు పడ్డానో నాకు తెలుసు. రంగయ్య బావకి కూడా కొలువులో కూత పెట్టే ఉద్యోగం," అంది.

పక్కనే ఉన్న పుంజు తురాయి నిక్కబొడుచుకుంది. "నేనడిగానా? ప్రతిభ ఉన్నవాణ్ణి వాళ్ళే గుర్తిస్తారు."

అడవిలో ఒప్పందానికి ఒక పద్ధతి ఉంది. షరతు గట్టిగా పలకాలి. ఇరుపక్షాలూ మట్టిలో కాలు వేయాలి. ఎండకి మట్టి గట్టిపడుతుంది. అలా గట్టిపడిన అడుగులు మళ్ళీ వానలొచ్చేదాకా చట్టం.

"గుండం అంచున బురద ఎక్కువ, పెద్దలకి కాళ్ళు పాడవుతాయి. ఇక్కడ కాస్త పైన కానిద్దాం," అని చోటు నక్కే చూపించింది. అక్కడి మట్టి సగం ఆరి ఉంది.

నక్క పలికింది. "ఒకటి, తెల్లవారు నీళ్ళు చిన్నప్రాణులకి!" బండయ్య కాలు వేసింది. డెక్క నాలుగు వేళ్ళ లోతు దిగింది. గరికమ్మ వేసింది, రంగయ్య వేసింది. "రెండు, కూత ఉద్యోగం రంగయ్యకి!" మళ్ళీ వేశారు. "మూడు, చిన్నప్రాణుల రెండు రాళ్ళూ కొమ్ముల పక్షానికి!" మళ్ళీ వేశారు.

గరికమ్మ వెనక్కి తిరిగి చూసుకోలేదు. కుందేళ్ళకి అది అలవాటు లేదు. కళ్ళు తెరిచిన నాటి నుంచి తల్లులు వాటికి నేర్పేది ఒక్కటే: అడుగు పడకుండా నడువు, తోడేలు జాడ పట్టదు, బతుకుతావు. జాడ లేకుండా బతకడమే నేర్చినదానికి, జాడ ఉండాల్సిన చోట ఉందో లేదో చూసుకోవాలని తట్టలేదు. పుంజు సంగతి చెప్పక్కర్లేదు. అది ఆకాశం వైపు చూస్తూ కాలు వేసింది.

ఆ సాయంత్రమే బండయ్య, అధికారం వచ్చినవాళ్ళు ఎక్కే పెద్ద రాయి ఎక్కి కూచుంది.

మర్నాడు చీకటి విడకముందే గరికమ్మ తన వాళ్ళనందర్నీ పోగుచేసుకుని గుండానికి వచ్చింది. మిగిలిన ఒక్క పిల్లా ముందు గెంతుతోంది. గట్టు మీద ఒక కోడెదున్న అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? మీ వంతు మధ్యాహ్నం."

"ఒప్పందమైంది నాయనా. తెల్లవారు మాదే."

"నాకెవరూ చెప్పలేదు. పో, పో! తొక్కితే తెలీకుండా పోతారు."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. గరికమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. తన వాళ్ళని వెంటబెట్టుకుని నేరుగా కొలువుకి నడిచింది. అన్ని పక్షాలూ రాళ్ళ మీద ఉన్నాయి. పుంజు అప్పటికే పెద్ద రాయి పక్కన గొంతు సవరించుకుంటోంది.

"అయ్యా, మా వంతు ఏమైంది?" అంది గరికమ్మ.

బండయ్య నక్క వైపు చూసింది. నక్క లేచి ఒళ్ళు విరుచుకుంది.

"ఏ వంతు చెల్లాయ్? చట్టమంటే అడుగు. అదిగో ఒప్పందం చోటు. నిన్నటి ఎండకి చక్కగా గట్టిపడింది. నీ అడుగు చూపించు."

అందరూ వెళ్ళి వంగి చూశారు. దున్న డెక్కలు మూడు, గిన్నెల్లా దిగి ఉన్నాయి. వాటి పక్కన మట్టి నున్నగా ఉంది. కుందేలు బరువెంత, దాని అడుగెంత!

దున్నలు పకపకా నవ్వాయి. "గాలికన్నా తేలిక, దీనికి మళ్ళీ షరతులు!" అంది ఒక దుప్పి. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట!"

పుంజు పక్కకి జరిగి, "వదినా, ఊరుకో. నేను లోపల ఉన్నాగా. మెల్లిగా సాధించుకుందాం," అని గొణిగింది.

"నువ్వెక్కడున్నావు లోపల?" అంది బండయ్య. "నీ అడుగూ పడలేదు. కూత ఉద్యోగం మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాం. రంకె బాగా వేస్తాడు. దిగు."

పుంజు తురాయి వాలిపోయింది.

గరికమ్మ ఆ నున్నటి మట్టి వంక చూస్తూ నిలబడిపోయింది. చోటు ఎంచిన నక్క తెలిసే ఎంచింది. తన పిల్లల్ని తిన్నది ఎండ కాదు, ఇదిగో ఈ నవ్వు. దాని చెవులు మెల్లిగా లేచి నిటారుగా నిలబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో అంత గట్టిగా అది మాట్లాడటం అదే మొదలు.

"సరే. నా అడుగు పడలేదు. మొదటి షరతుకి పడలేదు, రెండోదానికి పడలేదు. మరి మూడోదానికి పడిందా?"

"మూడోదా?" అంది నక్క.

"మా రాళ్ళు రెండూ మీకిస్తామన్నది. దానికి మా అడుగు ఏదీ? నువ్వు చూపించు."

నవ్వు ఆగిపోయింది. ఉడతలు ఎగిరి దూకి చూసొచ్చాయి. "లేదు! మూడో చోటా దున్న డెక్కే ఉంది. ఇటువైపు ఏమీ లేదు! బండయ్యకి రాళ్ళు తొమ్మిది!"

ముసలి తోడేలు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "అంటే బండయ్య తనతో తనే పొత్తు పెట్టుకున్నాడన్నమాట!"

బండయ్య గభాల్న పెద్ద రాయి దిగింది. "అమ్మా గరికమ్మా, అలా అంటే ఎలా? ఇవాళే పున్నమి. అవకాశం వాళ్ళకి పోతుంది."

"పోనీ. వాళ్ళు తెల్లవారు నీళ్ళు ఇస్తామన్నారు."

"తాగినాక మింగేస్తారే!"

"దప్పికతో చచ్చేకన్నా నీళ్ళు తాగి చస్తాం. మా చావుల్లో ఏది మేలో ఎంచుకోమని మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది మీరు కాదూ? మా గింజలు కావాలి, మా రాళ్ళు కావాలి, మా నోరు మాత్రం ఎండాలి! తేలికగా ఉన్నామని నవ్వారే, ఆ తేలికవాళ్ళ మీద కాదూ నువ్వు నిన్న ఎక్కి కూచున్నది?"

పుంజు గరికమ్మ పక్కకి వచ్చి నిలబడింది. "మా వదిన మాటే నా మాట. మా రెండు రాళ్ళూ ఒక్కటే," అంది. ఈసారి ఆకాశం వైపు చూడలేదు.

బండయ్య తల వంచింది. "సరే, తెల్లవారు నీళ్ళు మీవే. మళ్ళీ అడుగు వేద్దాం పద."

"వేద్దాం. చోటు మాత్రం నేను చూపిస్తాను."

గరికమ్మ గుండం అంచుకి, మెత్తటి అడుసులోకి నడిచింది. కాలు తీస్తే వేళ్ళన్నీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. "ఇదిగో నా అడుగు. దీని పక్కన నీది పెట్టు."

దున్న కాలు పెట్టింది. మోకాలిదాకా దిగింది. రెండోది పెట్టింది. పొట్ట అడుసుకి ఆనింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అని తోడేలు గట్టు మీంచి ఈల వేసింది. ఆ బురదలో ఇరుక్కునే బండయ్య షరతు పలకాల్సి వచ్చింది. వెనకున్న ముంగిసలు, "వినపడలేదు, వినపడలేదు" అంటూ మూడుసార్లు పలికించాయి. కూత ఉద్యోగమూ పుంజుకి వచ్చింది. ఆఖరి షరతు గరికమ్మే చేర్చింది: "వంతు తప్పిన రోజు మా రాళ్ళు రెండూ లేచి నడుస్తాయి."

నలుగురు కోడెదున్నలు కొమ్ములు పెట్టి లాగితే గాని బండయ్య బయటికి రాలేదు. రాగానే, "నక్క ఎక్కడ?" అంది.

"నాకూ దానితో పని ఉంది," అంది తోడేలు. "కొమ్ములు ఓడితే చిన్నోళ్ళని ఇదే మట్టికి తీసుకొస్తానని, గట్టు కాపలా తనకిమ్మని నన్నడిగింది."

"గట్టు కాపలానా? నన్నూ అదే అడిగిందే!"

రెండు పక్షాలూ ఒక మాట మీదికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే. కొమ్ములు ఒకవైపు, కోరలు ఒకవైపు తరిమితే నక్క పడుతూ లేస్తూ కొండ అవతలికి పోయింది. మళ్ళీ ఆ చుట్టుపక్కల కనపడలేదు.

మర్నాడు పుంజు కూసింది. చిన్నప్రాణులు గుండం చుట్టూ వరసగా వంగాయి. నీళ్ళు తేటగా ఉన్నాయి. గరికమ్మ పిల్ల కడుపు ఉబ్బేలా తాగి తుమ్మింది.

గట్టు మీద తన వంతు కోసం నిలబడ్డ బండయ్య, పెద్దరికంగా, "ఏమ్మా, ఇప్పుడు సంతోషమేనా? మా దయ మరిచిపోకు," అంది.

గరికమ్మ మూతి తుడుచుకుంది. "దయ ఏమిటి? ఈ నీళ్ళు నువ్వు తవ్వావా?" అని, పిల్ల తాగడం అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

నీతి: నీ మాట చెల్లదన్నవాడు ఎక్కిన పీట కూడా నీ మాట మీదే నిలబడి ఉంటుంది, అది మొదట నువ్వు తెలుసుకో.