గవరమ్మ వెలిగిందా?

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి, కొట్టనివాళ్లు పోయి పడుకోండి. అనగనగా, ఎప్పటి మాటో, సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక పెద్దాసుపత్రి. ఆ ఆసుపత్రిలో కాలు విరిగి మంచాన పడిన గవరమ్మ.

గవరమ్మ బతుకంతా తేగలమ్మింది. ఆస్తి లేదు గానీ గొంతు ఉంది. డాక్టర్లు కాలు అతికించారు. కాలు అతుక్కుంది గానీ కుట్ల దగ్గర చీము పట్టింది. ఇంటినుంచి తెచ్చుకున్న రోగం కాదది, ఆసుపత్రిలోనే అంటుకున్న బ్యాక్టీరియా. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మొదటి మందు ఇచ్చారు. లొంగలేదు. రెండో మందు ఇచ్చారు. లొంగలేదు. మూడోది, బాగా ఖరీదైనది ఇచ్చారు. ఆ బ్యాక్టీరియా దాన్నీ అరిగించుకుని కూర్చుంది.

ల్యాబ్‌లో సుభాషిణి అని ఒక డాక్టరమ్మ ఉండేది. మొండి బ్యాక్టీరియా కడుపులో మందును విరగ్గొట్టే జన్యువు ఉంటుంది. అది ఉందో లేదో చూసే పరీక్ష ఆమె కొత్తగా నేర్చుకొచ్చింది. ఉంటే చీకటిగదిలో దీపం మీద పెట్టి చూసినప్పుడు ఒక గీత వెలుగుతుంది. లేకపోతే వెలగదు. గవరమ్మ గీత ధగధగా వెలిగింది.

"మామ్మా, నీ పుండులో ఉన్నది మహా మొండిది," అని ఆ గీత ఫొటో చూపించింది డాక్టరమ్మ.

గవరమ్మ మురిసిపోయింది. "ఒలమ్మ! నా పోలికే వచ్చినాది. మాయత్త కూడా నన్ను లొంగదీయలేకపోనాది!"

మొండిదని తేలాక, ఎప్పుడో మూలన పడేసిన పాత మందొకటి తీశారు. లొంగింది! పుండు ఆరింది. డాక్టరమ్మ ఆ బ్యాక్టీరియాను కొంచెం చిన్న గొట్టంలో పోసి మంచుపెట్టెలో దాచింది. గవరమ్మేమో నాకో గీత ఉందని వార్డంతా చాటుకుంది.

అంతలో పక్క వార్డులో లోవమ్మ అనే బాలింత బిడ్డకు జ్వరం వచ్చింది. పసిగుడ్డు పాలు మానేసింది. బిడ్డ రక్తంలో దొరికిన బ్యాక్టీరియాకు అదే పరీక్ష పెట్టారు. గీత వెలగలేదు. హమ్మయ్య, మామూలు మందు చాలన్నారు. లోవమ్మ కనబడినవాళ్లందరికీ దణ్ణాలు పెట్టింది.

ఈ సంగతి విని గవరమ్మ ఊరుకుందా? చక్రాల కుర్చీలో ల్యాబ్ గుమ్మం దాకా తోయించుకొచ్చింది.

"బిడ్డకెట్టినారు, మరి నాదెట్టలేదేటి డాట్రమ్మా?"

"నీది ఎప్పుడో చూశాంగా మామ్మా."

"మళ్లీ ఎడితే నీ సొమ్మేటి పోద్ది? ఇంటికెల్లేముందు ఒక్కపాలి సూసుకుంటాను."

పోరు పడలేక డాక్టరమ్మ మంచుపెట్టెలోంచి గవరమ్మది తీసి, బిడ్డదీ అదీ పక్కపక్కన పెట్టింది. బిడ్డది వెలగలేదు. గవరమ్మదీ వెలగలేదు.

"నా గీతని ఎవులెత్తుకుపోనారు?" అని గవరమ్మ లబోదిబోమంది. డాక్టరమ్మ మాత్రం గవరమ్మ గడికేసి మళ్లీ మళ్లీ చూసింది. వెలిగి తీరాల్సినదే వెలగనప్పుడు బిడ్డ సంగతి ఎలా నమ్మడం? ఆరా తీస్తే, బిడ్డ పరీక్షకు ముందే ఒకసారి కరెంటు పోయినప్పుడు పరీక్షలో వాడే సరుకు పాడైపోయింది. ఆ పరీక్ష 'జన్యువు లేదు' అని చెప్పలేదు, అసలు నోరే విప్పలేదు!

కొత్త సరుకు తెచ్చి మళ్లీ పెట్టింది. గవరమ్మది వెలిగింది. పక్కనే బిడ్డదీ వెలిగింది. ఇదీ మొండిదే! పాత మందు పరుగు పరుగున వార్డుకెళ్లింది. మర్నాడు జ్వరం లొంగలేదు. ఆ మర్నాడూ లొంగలేదు. మూడోనాడు లొంగింది. బిడ్డ కళ్లు తెరిచి, పాలకోసం ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది.

"ఈ గొంతు కూడా నా పోలికే!" అంది గవరమ్మ. లోవమ్మ ఆమెను వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది. నాకైతే చెబుతుంటేనే కడుపు నిండిపోతుంది.

గవరమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు తేగలమ్మి, మనవల పెళ్లిళ్లలో చిందులేసి, ఒక మంచి రోజున తన మంచం మీదే పోయింది. ఆమె బ్యాక్టీరియా మాత్రం మంచుపెట్టెలో అలాగే ఉంది. ఇప్పటికీ అక్కడ ఆ పరీక్ష ఎప్పుడు పెట్టినా మొదటి గడి గవరమ్మదే. కొత్తగా చేరినవాళ్లు, "గవరమ్మగారు ఏ కాలేజీలో ప్రొఫెసరండీ?" అని అడుగుతారు. పాతవాళ్లు పడీపడీ నవ్వుతారు. కానీ రిపోర్టు మీద సంతకం పెట్టేముందు అందరూ అడిగేది ఒకటే: "గవరమ్మ వెలిగిందా?"

ఆ మాట ఊళ్లోకీ పాకింది. ఎవరైనా సంబంధం చూసొచ్చి, "కుర్రాడు బంగారం, వెతికినా ఒక్క వంక కనబడలేదు," అన్నారనుకోండి, అక్కడి ముసలమ్మలు వెంటనే తలూపరు.

"వంక లేదా, మీకు కనబడలేదా? ముందు గవరమ్మ వెలిగిందో లేదో చెప్పండి," అంటారు.

వెలిగాకే తాంబూలాలు.