రేకుకు అవతలి వైపు

గురువు మాట తప్పని గురువుకే ఎలా చెప్పాలో ఖాదర్‌వలికి తోచలేదు. వాల్తేరు మెట్ట ఎక్కుతున్నంతసేపూ అదే గుంజాటన.

వకుళ గారు ఫిజిక్సు ప్రొఫెసరుగా రిటైరై చాలాకాలమైంది. అయినా శూన్యం గురించి పేచీ వస్తే పరిశోధన చేసే పిల్లలు ఇప్పటికీ ఆవిడ పెరట్లోకే వచ్చి పడతారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కొత్తలో నలుగురిలో నోరు విప్పడానికే జంకిన ఖాదర్‌వలిని కూర్చోబెట్టి మనిషిని చేసింది ఆవిడే. అలాంటావిడతో, మీరు పొరబడ్డారు మేడమ్, అనాలి. ఇక్కడ అనకపోతే ఎల్లుండి బొంబాయి సభలో పదిమంది ముందూ అనాల్సి వస్తుంది. అతని ఫెలోషిప్ ఈ నెలతో సరి. అక్కడ లెక్క నిలబడితే ఉద్యోగం చేతికొచ్చినట్టే.

సంగతేమిటంటే, శూన్యం మనం అనుకున్నంత ఖాళీ కాదు. అందులో ఎప్పుడూ ఏవో సన్నటి అలలు కదులుతూనే ఉంటాయి. రెండు నున్నటి లోహపు రేకుల్ని కంటికి కనపడనంత సందు మాత్రం విడిచి ఎదురెదురుగా నిలబెడితే, ఆ ఇరుకులో అన్ని అలలూ పట్టవు. అందువల్ల ఎవరూ ముట్టుకోకుండానే ఆ రేకులు దగ్గరకు లాక్కుంటాయి. ఇంతవరకూ తగాదా లేదు.

పొడుగు, వెడల్పు, ఎత్తు కాక చాపలా చుట్టుకుపోయి మన కంటికి ఆనని దిక్కులు ఇంకా ఉన్నాయని కొందరంటారు. అవి ఉంటే అలలు వాటిలోకీ దూరతాయి కదా, అప్పుడు రేకులేం చేస్తాయి? అప్పుడూ లాక్కుంటాయి, కాస్త ఎక్కువే లాక్కుంటాయి అని వకుళ గారు ఏనాడో చెప్పి, ఆ ఎక్కువ ఎంతో తేల్చకుండా వదిలేశారు. ఖాదర్‌వలి తేల్చడానికి కూర్చుంటే కథ అడ్డం తిరిగింది. సందు కాస్త పెరగగానే అతని రేకులు ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలెట్టాయి. ఎన్నిసార్లు చూసుకున్నా అంతే. గురువు మీద జాలి వేసింది అతనికి. ఆ జాలి లోపల ఎక్కడో కాస్త సంబరం కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. చెప్పులతో పాటు కాగితాలూ గుమ్మం బయటే వదలాలి. లెక్కను నోటితో చెప్పాలి. అదీ ఖాళీగా కూర్చుని కాదు, ఆవిడ చేస్తున్న పనిలో ఒక చెయ్యి వేస్తూ చెప్పాలి. నోటికి రాని లెక్క బుర్రలోకీ వచ్చి ఉండదని ఆవిడ నమ్మకం.

వకుళ గారు పెరట్లో సిమెంటు తొట్టి కడుగుతున్నారు. పూర్వం గేదె ఉన్నప్పటి తొట్టి, పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఖాదర్‌వలి పీచు అందుకుని, తొట్టి గోడ రుద్దుతూ, తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాడు.

"అంటే నా మాట తప్పన్నమాట," అన్నారు వకుళ గారు.

"క్షమించండి మేడమ్. లెక్క అలాగే వస్తోంది."

"క్షమించడానికేముంది నాయనా. సరే, ఆ రేకుల్ని ఇంకా దూరం జరిపితే తోపుడు తగ్గుతుందా?"

"తగ్గదు. ఒక రేకు ఇక్కడా ఇంకోటి భీమిలిలో పెట్టినా అంతే గట్టిగా తోసుకుంటాయి. అదే మేడమ్ ఇందులో విశేషం."

ఆవిడ నవ్వలేదు. "విశేషమే," అని గోడకు ఆనించి ఉన్న రేకు ముక్క తెచ్చి, తొట్టికి అడ్డంగా నిలబెట్టారు. అంచులు దాదాపు అతికినట్టు సరిపోయాయి. "పడిపోకుండా పట్టుకో" అని, రేకుకు ఒకవైపు గొట్టం వదిలారు.

నీళ్లు పెరిగాయి. అంచుల్లోంచి కాస్త కారుతున్నా లెక్కచేయనంత. రేకు పొట్ట ఉబ్బినట్టు వంగి అతని అరచేతుల్ని నెట్టసాగింది. అతను మోకాలు తొట్టికి తన్నిపెట్టి ఎదురు నెట్టాడు.

"ఎటు తోస్తోంది?"

"నా వైపే మేడమ్. గట్టిగానే తోస్తోంది."

"తొట్టి భీమిలి దాకా పొడుగున్నా అంతేనా?"

"లోతు ఇంతే ఉంటే అంతే," అన్నాడు అతను.

ఆవిడ గొట్టం తీసి రేకుకు రెండోవైపు పెట్టి, వెళ్లి మందార చెట్టు కింద ఎండుటాకులు ఏరుకుంటూ కూర్చున్నారు.

అటూ నీళ్లు ఎక్కాయి. అరచేతుల మీద బరువు మెల్లగా పలచబడింది. ఖాదర్‌వలి మాత్రం మొదటి ఊపుతోనే నెడుతున్నాడు. నీళ్లు రెండువైపులా సమానమయ్యేసరికి, నెట్టిన రేకు అవతలికి జారి, అతను చంకల దాకా తొట్టిలో పడ్డాడు. చొక్కా తడిసిపోయింది. తడుముకుని రేకును మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడు దానికి వంపు లేదు. ఒక్క వేలు ఆనిస్తే చాలు, ఊరికే నిలబడి ఉంది.

అతను ఆ వేలు తియ్యలేదు. ఇన్నాళ్లూ తను లెక్కపెట్టింది సందులో ఉన్న అలల్నే, చుట్టుకుపోయిన దిక్కుల్లోవి కూడా ఒక్కటి వదలకుండా. ఆ దిక్కులు రేకుల మధ్యనే ఉన్నట్టు, వాటి వెనక లేనట్టు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కళ్లు మూసుకుని రెండోవైపు కూడా కలిపి చూసుకున్నాడు. ఆ పెద్ద తోపుడంతా కొట్టుకుపోయింది. అడుగున ఏదో సన్నగా మిగిలింది. లాగుడే, కాస్త ఎక్కువ లాగుడు. ఎంత ఎక్కువో ఇప్పుడు లెక్కకు అందేలా ఉంది.

"మేడమ్," అన్నాడు, "తప్పెక్కడుందో మీకు వినగానే తెలిసింది. నోటితో చెబితే పోయేది కదా."

"నేను చెబితే నువ్వు వెంటనే ఒప్పుకునేవాడివి," అన్నారు వకుళ గారు. "నా మీద గౌరవంతో. అప్పుడు నువ్వు నా వైపొక్కటే చూసినట్టు."

అతను తొట్టి అంచు మీద కూలబడ్డాడు. ఉద్యోగం, బొంబాయి సభ పోస్టర్లో అచ్చయిపోయిన తన పేరు, ఎల్లుండి హాల్లో తనవైపే తిరిగి ఉండే ముఖాలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది.

"ఎల్లుండి లేచి నిలబడి వాళ్లకేం చెప్పను మేడమ్?"

ఆవిడ లేచి వచ్చి, తాడు మీద ఆరేసిన తువ్వాలు తీసి అతని భుజం మీద వేశారు.

"రెండోవైపు మరిచిపోయానని చెప్పు. ఎవరో ఒకరు ముందు ఆ మాట అంటే బాగుండునని ఎదురుచూసేవాళ్లు అక్కడ చాలామందే ఉంటారు."