అబ్బులు గారి బావిలో రాపిడి

మా ఊళ్ళో తెలివంతా నలుగురు అన్నదమ్ముల దగ్గరే ఉండేది. ఈ మాట నాది కాదు, వాళ్ళదే. పెద్దవాడు అబ్బులు, తర్వాత సత్తియ్య, బుల్లియ్య, ఆఖరివాడు తాతబ్బాయి. "ఒక్కసారి చెబితే చాలండి, మా బుర్రకెక్కేస్తుంది," అని ఎదురైనవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఎక్కే మాట నిజమే. ఎక్కింది మళ్ళీ దిగేది కాదు, అదే చిక్కు.

వాళ్ళ పెరట్లో బావికి ఇనప గిలక ఉంది. నీళ్ళు తోడినప్పుడల్లా అది కీచుమని అరిచేది, చేంతాడు పీచులు లేచిపోయేది. ఒకరోజు హైస్కూల్లో సైన్సు చెప్పే కామేశం మాస్టారు మంచినీళ్ళకని ఆగి ఆ అరుపు విన్నారు.

"గిలక సరిగ్గా తిరగట్లేదయ్యా. అది తిరక్కపోతే తాడు దానిమీద ఒరుసుకుంటుంది. దాన్నే రాపిడి అంటారు. రాపిడి ఎక్కువైతే తాడు అరిగిపోతుంది, లాగడానికి బలమూ ఎక్కువ పెట్టాలి. కాస్త ఆముదం వెయ్యండి, తగ్గుతుంది."

ఇరుసుకి వెయ్యమని విడిగా చెప్పలేదు పాపం. మనుషులతోనే మాట్లాడుతున్నాననుకున్నారు.

"రాపిడి ఎక్కడుంటుందండీ?" అన్నాడు సత్తియ్య.

"ఒకదానికొకటి ఎక్కడ తగిలితే అక్కడ," అని మాస్టారు వెళ్ళిపోయారు.

అంతే, ఆముదం డబ్బా బయటికొచ్చింది. తాడు గిలకకి తగులుతోంది కదా అని తాడు పొడుగునా రాశారు. చేతులకి తగులుతోంది కదా అని మోచేతుల దాకా పూసుకున్నారు. బొక్కెనకీ తగులుతోంది కదా అని ముడి విప్పి, ఆముదంలో ముంచి మళ్ళీ కట్టారు. ఇంకేముంది, బొక్కెన దించగానే ముడి జారి బుడుంగుమని మునిగింది.

"చూశావా అన్నయ్యా, కీచుమననే లేదు!" అన్నాడు తాతబ్బాయి. అందరూ సంతోషించారు.

సంతోషం సరే, బొక్కెన తియ్యాలిగా. అబ్బులు తానే దిగుతానన్నాడు. అతని నడుముకి తాడు భార్య నూకాలమ్మ కట్టింది కాబట్టి ఆ ఒక్క ముడీ గట్టిగా పడింది. రెండో కొస గిలక స్తంభానికి కట్టి, తమ్ముళ్ళు ముగ్గురూ తాడు పట్టుకుని దించారు. దించడమేమిటి, ఆముదం చేతుల్లోంచి తాడు సర్రున పోయింది. అబ్బులు దబ్బున నీళ్ళలో పడ్డాడు.

"లాగండ్రా! ఛాతీ దాకా నీళ్ళు! కాళ్ళు కొంకర్లు పోతున్నాయి!"

లాగారు. మూరెడు లేచాడు, మళ్ళీ పడ్డాడు. నాలుగోసారికి అబ్బులు దేవుళ్ళని పిలవడం మొదలెట్టాడు. నూకాలమ్మ ఏడుపందుకుంది. సత్తియ్య మాస్టారింటికి పరిగెత్తాడు.

మాస్టారు అన్నం తింటున్నారు. "అసలు రాపిడే లేకపోతే పట్టెలా ఉంటుందయ్యా? ఆముదం తుడిచి, ఇసక అద్దుకుని లాగండి. చెయ్యి కడుక్కుని వచ్చేస్తున్నా," అన్నారు.

సత్తియ్య వగర్చుకుంటూ వచ్చి, "రాపిడి కావాలట! ఇసక కావాలట!" అన్నాడు. రాపిడి ఎక్కడుంటుందో వాళ్ళకి ముందే తెలుసు. గిలక మీద రెండు తట్టల ఇసక కుమ్మరించారు. సగం అబ్బులు నెత్తిన పడింది. మిగతా సగం ఆముదంలో కలిసి గిలకని బిగించేసింది. ఇప్పుడు తాడు జారట్లేదు. అసలు కదలట్లేదు.

అప్పుడు బుల్లియ్య ఆలోచించాడు. ఆ ఇంట్లో నేను భయపడేది దానికే.

"రాపిడి ఎక్కువైతే బలం ఎక్కువ పెట్టాలన్నారుగా మాస్టారు. అన్నయ్య బరువుకి ఒకడు, రాపిడికి ఇద్దరు. సరిగ్గా ముగ్గురం ఉన్నాం. చేతుల్తో లాగితే జారుతోంది. అదే తాడు నడుముకి చుట్టుకుని బావిలోకి దూకామనుకో, ఎలా జారుద్ది?"

మిగిలిన ఇద్దరూ ఆ బుర్రకి దండం పెట్టారు. స్తంభం దగ్గర కొస విప్పి ముగ్గురూ నడుములకి చుట్టుకున్నారు. "అయ్యో, ఆగండి మరిదిగారూ!" అని నూకాలమ్మ అనేలోపే దూకేశారు. గిలక గుర్రుమంది. ముగ్గురు కిందికి, ఒకడు పైకి. మధ్యదారిలో అన్నదమ్ములు ఒకరినొకరు పలకరించుకున్నారు కూడా.

అబ్బులు గట్టు పట్టుకుని ఇవతల పడ్డాడు. "నా తాళి గట్టిది!" అని నూకాలమ్మ అతన్ని పట్టుకుని భోరుమంది. నాకే కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. బావిలోంచి ముగ్గురూ ఈలలు వేస్తున్నారు.

"వచ్చేశావా అన్నయ్యా? లెక్క భలే కుదిరింది! ఇక మమ్మల్ని తియ్యి!"

అబ్బులు తడిబట్టలతోనే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఒక్కడు రావడానికి ముగ్గురు దిగారు. ముగ్గురు రావాలంటే తొమ్మిదిమంది దిగాలి."

"మరి ఆ తొమ్మిదిమందినీ ఎవరు తీస్తారండీ?" అంది నూకాలమ్మ.

"పిచ్చి మొహమా, ఊళ్ళో ఇరవైయేడుమంది లేరా?" అని నవ్వి, తన నడుముకున్న తాడు విప్పి, అప్పుడే పెరట్లో అడుగుపెట్టిన కామేశం మాస్టారి నడుముకి చుట్టడం మొదలెట్టాడు. "రండి మాస్టారూ, సమయానికొచ్చారు. ఇంకా ఎనిమిదిమందే కావాలి."