కొండసీమ రాజు

సూరంపూడి భీమశంకరం గారికి నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యుడు ఏదైనా అడిగితే "ఆ గుడ్డ పరవరా" అనేవారు. అది ఆట గుడ్డ. దాని మీద మూడు సీమలు కుట్టి ఉండేవి. నడుమ పెద్దసీమ, దానికి బోలెడు ఏనుగులూ గుర్రాలూ బంట్లూ. తూర్పున రేవుసీమ, మధ్యరకం. పడమట కొండసీమ, దానికి ఒక రాజు, ఒక గుర్రం, గుప్పెడు బంట్లు. రేవుసీమవాడు కొండసీమకు రావాలంటే పెద్దసీమ దాటి రావలసిందే, వేరే దారి లేదు. రాజు పట్టుబడితే ఆ సీమ బలగమంతా గుడ్డ మీదినుంచి తీసెయ్యాలి. ఓడినవాడు లేచి మిగిలినవాళ్ళకు మజ్జిగ పోయాలి. అది ఆ ఇంటి కట్టడి.

జోగినాథం శిష్యరికానికి వచ్చిన నాటినుంచీ మజ్జిగ పోస్తూనే ఉన్నాడు. అదీ ఎక్కువగా తోటి శిష్యుడు వల్లభయ్య గ్లాసులోకే. వల్లభయ్య తలైనా ఎత్తకుండా గ్లాసు అందుకుని, తాపీగా గుక్క వేసి, "ఉప్పు తక్కువైందోయ్" అనేవాడు. పాపం, అతను అన్నది ఉప్పు గురించే. జోగినాథానికి మాత్రం ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది. వల్లభయ్య కొత్త ఉత్తరీయం వేసుకున్నా కడుపుమంటే, గురువుగారు అతన్ని "భేష్" అన్నా కడుపుమంటే. ఆ మంట చల్లార్చడానికి లోకంలో ఎన్ని కుండల మజ్జిగ ఉన్నా చాలదు.

ఈ మంటకు ఆ ఏడు ఇంకో కారణం తోడైంది. ఏటా దసరాకు గురువుగారు ఒక శిష్యుణ్ణి మల్లవరం జమీందారుతో ఆడడానికి పంపేవారు. జమీందారు పెద్దసీమ తీసుకుంటాడు. దివాను రేవుసీమ తీసుకుంటాడు. వెళ్ళినవాడికి కొండసీమే గతి. అతను గెలుస్తాడని ఎవరూ అనుకోరు. దీపాలు పెట్టే వేళకు అతని రాజు నిలిచి ఉంటే చాలు, శాలువా కప్పి ఆస్థానంలో ఉద్యోగం ఇస్తారు. జోగినాథానికి ఇంటి దగ్గర పెళ్ళాంబిడ్డలున్నారు, ఆ ఉద్యోగం తప్ప వేరే ఆశ లేదు. పోటీకి ఉన్నదల్లా వల్లభయ్య ఒక్కడే.

కొండసీమ పట్టినప్పుడు వల్లభయ్య పట్టుబడేవాడు కాడు. కుక్కిన పేనులా మూల పడి ఉండేవాడు. ఒక బంటును ఇటు, ఒక బంటును అటు జరిపేవాడు. పెద్దసీమవాడు కన్నెర్ర చేస్తే ఒక అడుగు వెనక్కు వేసేవాడు. అంతలో పెద్దసీమకూ రేవుసీమకూ రగడ మొదలై ఇతన్ని అందరూ మరిచిపోయేవారు. "అది ఆటా? అడుక్కుతినడం!" అని జోగినాథం చాటుగా పళ్ళు నూరేవాడు.

ఒకనాడు భోజనాలయ్యాక అతనే అడిగాడు. "గురువుగారూ, పక్కన అంత బలవంతుణ్ణి పెట్టుకుని కొండసీమవాడు బతికే దారేమిటండీ?"

"ఆ గుడ్డ పరవరా" అన్నారు గురువుగారు. పరిచాక, "నువ్వు కొండసీమ పట్టు. వల్లభయ్యది పెద్దసీమ. రేవుసీమకు నేను కూర్చుంటాను. దీపాలవేళ దాకా నీ రాజు నిలిస్తే మల్లవరం నువ్వే వెళ్ళు" అన్నారు.

ఆట సాగింది. గురువుగారు ఉన్న బలగమంతా సరిహద్దుకు తెచ్చి పెట్టారు. వల్లభయ్య తన ఏనుగులన్నింటినీ తూర్పుకు తిప్పి ఎదురు నిలిపాడు. కొండసీమ వంక చూసేవాడే లేడు. జోగినాథం బంట్లు జరుపుకుంటూ చాలాసేపు హాయిగా ఉన్నాడు. వీధి అరుగు మీదికి ఎండ వాలింది.

అప్పుడు గురువుగారు తల ఎత్తకుండానే అన్నారు. "ఏరా జోగీ, నేను ముందునుంచి వస్తాను. నువ్వు వెనకనుంచి వస్తావా?"

జోగినాథం గుండె ఎగిరి గంతేసింది. వల్లభయ్య అతని వైపు తిరిగి నెమ్మదిగా, "నా వెనక నువ్వే గదా ఉన్నావని ధైర్యంగా ఏనుగుల్ని అటు తిప్పానోయ్. నీ జోలికి నేను రాలేదు" అన్నాడు.

రాలేదట! మహారాజులుంగారి దయ! తన జోలికి రావడానికైనా తాను తగనన్నమాట. చావగొట్టినా జోగినాథం ఇంత బాధపడేవాడు కాదు. గుర్రాన్ని కొండ దింపాడు. దాని వెనక ఉన్న బంట్లన్నింటినీ దింపాడు. తన రాజు పక్కన ఒక్క కాపలావాడైనా మిగల్లేదు. రెండు వైపులా ఒత్తిడి పడేసరికి పెద్దసీమ రాజు పట్టుబడ్డాడు.

వల్లభయ్య ఏనుగులనూ గుర్రాలనూ ఏరి పెట్టెలో వేసి, లేచి మజ్జిగ కుండ తెచ్చాడు. జోగినాథం గ్లాసు చాపాడు. ఎన్నాళ్ళకెన్నాళ్ళకు! ఆ వంగిన మెడ, ఆ కుండ పట్టిన చేతులు, అన్నీ కళ్ళారా చూసుకున్నాడు. గుడ్డ మీద గురువుగారి చెయ్యి కదిలింది. పోస్తున్న వల్లభయ్య చెయ్యి ఆగింది. అతను కళ్ళు పెద్దవి చేసి జోగినాథం మొహంలోకి చూశాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, చావనీ అనుకున్నాడు జోగినాథం. ఒక గుక్క తాగి, "ఉప్పు వేయలేదేమిటోయ్" అన్నాడు. వల్లభయ్య నోరు తెరిచాడు గాని, ఆటలోంచి లేచినవాడు ఎత్తు చెప్పకూడదు గనక మళ్ళీ మూశాడు. "నీ ఎత్తు" అని గురువుగారంటే, జోగినాథం చేతికందిన బంటును చూడకుండానే ఒక గడి నెట్టాడు.

"రాజు" అన్నారు గురువుగారు.

జోగినాథం గుడ్డ వైపు తిరిగాడు. ఖాళీ అయిన పెద్దసీమ మీదుగా గురువుగారి ఏనుగు నడిచి వచ్చి కొండసీమ రాజు ముందు నిలబడి ఉంది. రాజు తప్పుకోవడానికి ఒక్క గడీ లేదు. అతని గుర్రం ఎక్కడో అవతలి కొసన ఉంది. వీధిలో ఇంకా ఎండ ఉంది.

"మనమిద్దరం ఒక పక్షం కాదుటండీ!" అన్నాడు జోగినాథం.

"వల్లభయ్య ఉన్నంతసేపూ ఒక పక్షమే" అన్నారు గురువుగారు.

జోగినాథానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. శాలువా పోయింది, ఉద్యోగం పోయింది, ఇంటికి వెళ్ళి పెళ్ళానికి ఏం చెప్పాలో తెలియలేదు. "బతికే దారి చెప్పమని అడిగితే ఇలా చేశారేమిటండీ" అన్నాడు.

భీమశంకరం గారు గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టారు.

"నా ఏనుగు కదిలినప్పుడు వల్లభయ్య చెయ్యి ఆగింది. నువ్వు వాడి మొహంలోకే చూస్తున్నావు గదరా జోగీ. నీకు అందులో ఏం కనిపించింది?"